తాలు గోతం

చుట్టుగుంట దాటగానే తుమ్ములు మొదలవుతాయి.
మిర్చి యార్డు పక్కన కమీషన్ కొట్టు, దాని మీద మేడగది,
ఒక ఫ్యాను, ఒక ల్యాప్‌టాప్, ముక్కుకి తడిగుడ్డ.
రైతు ఫోనులో లాటు నంబరు కొడితే
ధర కనపడేట్టు దారులు రాసే పని నాది.

దారంటే పెద్దగా ఏం లేదు.
ఒక ఏటవాలు గీత, తర్వాత ఒక మాట.
గీత, లాటు, గీత, ఆపైన ఒక కోలన్ —
కోలన్ వెనక ఏ అంకె వచ్చి కూర్చున్నా
దాన్ని చెయ్యి పట్టుకుని
దాని గది దాకా దిగబెట్టి రావాలి.
పట్టీకి ఒక దారి, కాటాకి ఒక దారి,
పోయినేడు మూసేసిన గేటును
ఇంకా పాత పేరుతోనే అడిగేవాళ్ళని
"ఇటు కాదు బాబాయ్, అటు" అని
విసుక్కోకుండా మళ్ళించే దారి ఒకటి.
అది రాసినప్పుడు మాత్రం
గుమాస్తా మీరావలి గొంతే వినపడింది.
ముప్ఫై ఏళ్ళుగా స్తంభం దగ్గర నిలబడి
ఆయన చేస్తున్న పని అదే, జీతం మాత్రం నాకెక్కువ.

ఇవేవీ కానివాటికి చివర ఒక నక్షత్రం.
"ఈ చిరునామాలో ఏమీ లేదు" అని చెప్పే పేజీ.

రాత్రి రెండింటికి, నిద్ర కళ్ళతో,
ఆ నక్షత్రాన్ని అన్నిటికంటే పైన అతికించాను.
సర్వరు నన్నేమీ అడగలేదు.
దానికి పైనుంచి కిందికి చదవటమే తెలుసు,
మొదట సరిపోయినదాని దగ్గర ఆగిపోవటమే తెలుసు.
నక్షత్రానికి సరిపోనిదేముంది?

పొద్దున తొమ్మిదికి మెట్ల మీద చెప్పుల చప్పుడు.
వట్టిచెరుకూరు సీతారావమ్మ,
చేతిలో మనవడి ఫోను, కొంగున ఎర్రటి దుమ్ము.
"నలభై రెండు టిక్కీలు దించా నిన్న.
ఏమీ లేదంటంది ఇది.
ఏమీ లేకపోవటమేంది అమ్మాయ్?"

వెనకే మీరావలి, ఆయాసపడుతూ:
కింద ఇంకా పదిమంది ఉన్నారట,
లెక్క తేలేదాకా మూట ఎత్తనని
మేస్త్రి దావీదు బీడీ ముట్టించాడట.

తెర మీద వరుస వరుసా వెతికాను.
లాటు ఉంది. గీత ఉంది. కోలన్ ఉంది.
అన్నీ సరిగ్గా ఉన్నాయి,
ఏదీ పనిచేయటం లేదు.

సీతారావమ్మ నా భుజం మీదుగా వంగింది.
"ఏంది ఇయ్యన్నీ?"
చెప్పకపోతే కదిలేట్టు లేదని చెప్పాను.
పైనుంచి ఒక్కోదాన్నీ అడుగుతూ వస్తుంది పెద్దమ్మా,
నీదా, నీదా అని.
ఇది లాటు. ఇది పట్టీ.
ఇదేమో దేనికీ చెందనివి పడేసే చోటు.

"అంటే తాలు గోతం."

ఆఁ.

"మరి దాన్ని ముందు పెట్టావేంది?
కల్లంలో మేం కూచుని ఏరేటప్పుడు
ముందు మేలుకాయ, తర్వాత మచ్చకాయ,
ఇంక దేనికీ రానిది తాలు.
తాలు గోతమే ముందేసుకు కూచుంటే
పంటంతా తాలే గదమ్మాయ్!"

మీరావలి నవ్వు ఆపుకుంటున్నాడు.
నేను ఇంకోసారి తుమ్మాను, సిగ్గుకి అదొక ముసుగు.
ఒక్క వరుస. కత్తిరించి, అట్టడుక్కి దించి,
సర్వరును లేపాను.

ఆమె ఫోను వెలిగింది.
గీత, లాటు, గీత, ఐదువేల నూట తొమ్మిది.
నా తెర మీద పచ్చగా రెండొందలు —
సర్వరు భాషలో, అంతా క్షేమమని.

ఆమె చదువుకుంది.
గోరు అంచున ఎర్రగా ఉన్న వేలు పెట్టి
ఒక్కో అంకెనూ మళ్ళీ చదువుకుంది.
నిన్నటి మీద క్వింటాకు పదకొండొందలు తక్కువ.

"ఇది నా పేజీయేనా?
ఇందాకట్లా తప్పుదోవన పోలేదు గదా?"

దారులన్నీ మళ్ళీ ఒకసారి చూశాను,
పైనుంచి కిందికి, నెమ్మదిగా,
ఎక్కడో ఒక తప్పు దొరికితే బాగుండునని.